లక్క తీసిన బరువు

కర్నూల్లో ఆ కాలేజీ రసాయనశాల వెనక ఒక తూనిక గది ఉండేది. గది అంటే ఎంత, నాలుగడుగులు వేస్తే గోడ తగిలేది. అందులో గాజు పెట్టెలో ఒక త్రాసు, త్రాసు ముందు ఒక స్టూలు, స్టూలు మీద గోపన్న. పన్నెండేళ్ళుగా ఇదే ఏర్పాటు. గోపన్న నోట అంకె వచ్చిందంటే అది పుస్తకంలోకి ఎక్కాల్సిందే. దాని మీద అప్పీలు లేదు.

అతని అసలు పేరు గోపాచారి. కంసాలి. బురుజు దగ్గరి సందులో తండ్రి కుంపటి ముందు కూర్చుని కమ్మలు, ముక్కుపుడకలు, గుండ్ల దండలు చేస్తూ పెరిగినవాడు. యుద్ధం రోజుల్లో బంగారం పని సన్నగిల్లింది. సరిగ్గా అప్పుడే కాలేజీకి ఇంగ్లాండు నుంచి ఈ త్రాసు వచ్చింది. తలవెంట్రుకను తూచమన్నా తూచే త్రాసు. ఊపిరి తగిలితే ముల్లు ఊగుతుంది, చేతి వేడి తగిలితే అంకె మారుతుంది. కుర్ర డిమాన్‌స్ట్రేటర్లంతా దాని ముందు చేతులెత్తేశారు. లెక్చరర్ బసవరాజుది ఆలూరు వైపు. భార్యకు కమ్మలు చేయించడానికి సందులోకి వెళ్ళినప్పుడు గోపన్న తూచే తీరు చూశాడు. మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ముల్లును కంటి చివరతో మాత్రమే చూస్తాడు గోపన్న. మర్నాడే అతన్ని పిలిపించి స్టూలు మీద కూర్చోబెట్టాడు.

సార్ పెట్టిన నియమం ఒక్కటే. "తేదీ వేయని తూకం తూకమే కాదు గోపన్నా." ఆ మాట గోపన్న తలకెక్కించుకున్నాడు. ఇంట్లో బెల్లం తూచినా తేదీ వేసేవాడని అతని భార్య వెంకటేశ్వరమ్మ నలుగురిలో నవ్వేది.

మధ్యాహ్నం మూడు గంటలకు సార్ ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ వచ్చేది. మొదటి గ్లాసు సార్‌ది. రెండోది గోపన్నది. ఆ తర్వాత మిగిలితే ఎవరిదో, మిగలకపోతే ఎవరిదీ కాదు. కాలేజీలో పెద్ద చదువులు చదివినవాళ్ళు పదిమంది ఉండగా ఆ రెండో గ్లాసు మూడో క్లాసు దాటని తన చేతికి రావడం గోపన్నకు జీతం కంటే ఎక్కువ. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

అట్లాంటి చోటుకు ప్రేమయ్య వచ్చాడు.

అది యాభై అయిదో సంవత్సరం. కర్నూలు రాజధాని అయి ఏడాదిన్నర. ఊరంతా డేరాలు, డేరాల్లో ఆఫీసులు, ఖాళీ గది కనిపిస్తే గుమాస్తాల క్యూలు. ఆ రద్దీలో ఒక రేకు పెట్టె చేతబట్టుకుని ప్రేమయ్య దిగాడు. ఇరవై ఆరేళ్ళవాడు. నందికొట్కూరు పక్క పల్లె. తండ్రి దాసన్నకు రెండెకరాల మెట్ట, ఆదివారం చర్చిలో గంట కొట్టే పని. మిషన్ బడిలో మొదలుపెట్టి బి.యస్సీ. దాకా చదివి డిమాన్‌స్ట్రేటరుగా వచ్చాడు. మొదటి రోజే తూనిక గది గడప బయట చెప్పులు విడిచి లోపలికొచ్చి, "అన్నా, నీ గురించి శానా చెప్పినారు. నీ పక్కన నిలబడి చూసినా శాలు నాకు" అన్నాడు. ఆ రోజు గోపన్నకు ఆ కుర్రవాడు నచ్చాడు. తర్వాత ఎవరడిగినా ఈ మాట ఒప్పుకునేవాడు కాదు.

ఆ ఎండాకాలం బసవరాజు తలలో ఒకటే పురుగు దొలుస్తోంది. తుంగభద్ర ఇసుకలో కాసే కలింగర కాయల, అంటే పుచ్చకాయల, గింజల్లో ఒక ప్రోటీను ఉంది. దాన్ని స్ఫటికాలుగా రాబట్టి, ఆ ప్రోటీను అణువు ఒక్కటి ఎంత బరువు ఉంటుందో తేల్చాలి. అణువు అంటే కంటికి కనబడేది కాదు. త్రాసుకు తగిలేది కాదు. అయినా తేల్చాలి. జూన్ నెలలో బెంగుళూరులో పండితుల సభ ఉంది, అక్కడ చదవాలి. మెట్ట సీమ కాలేజీ పేరు అక్కడ వినిపించాలి.

గింజలు దంచి, నూనె పిండి, మిగిలిన పిండిని గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో నానబెట్టి వడకట్టేవాళ్ళు. అది చల్లారితే అడుగున స్ఫటికాలు రావాలి. ఎన్నిసార్లు చేసినా మడ్డి తప్ప ఏమీ దిగేది కాదు. ప్రేమయ్య మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఆ పాత్రకు కంబళి చుట్టి, వరిపొట్టు నింపిన బుట్టలో దించి, పైన గోనె కప్పాడు. "మా అమ్మ చలికాలం పెరుగు తోడేసేది ఇట్లే సార్. దిగ్గున చల్లారితే ఏదీ పేరుకోదు" అన్నాడు. మర్నాడు పొద్దున మూత తీస్తే అడుగున తళతళమంటూ రవ్వలు. భూతద్దం కింద పెడితే ఒక్కొక్క రవ్వకూ ఎనిమిది ముఖాలు.

బసవరాజు గంభీరమైన మనిషి. ఆ రోజు ప్రేమయ్య భుజం పట్టుకుని ఊపేశాడు. "చూడు గోపన్నా, చూడు" అని గోపన్నను పిలిచి అద్దం ముందుకు వంచాడు. గోపన్న చూశాడు. పట్టకారు తగలకుండా, సాన పట్టకుండా, వాటంతటవే పుట్టిన ముఖాలు. ఏళ్ళ తరబడి చేతిపని చేసినా అంత నికరమైన అంచు తన చేత రాలేదు. చాలా బాగున్నాయి. బాగున్నాయని తెలిసిన ఆ క్షణంలోనే అద్దం ముందు నుంచి తప్పుకున్నాడు.

"ఎంగిలి గింజల్లో ఇంత ఉండాదా" అని మాత్రం అన్నాడు. ప్రేమయ్య నవ్వాడు. బండ్ల దగ్గర జనం తిని ఊసిన గింజలు కావవి, డబ్బాతో కొన్నవేనని చెప్పాడు. ఎత్తిపొడుపు అతనికి తగలనే లేదు. తగలకపోవడం గోపన్నకు మరీ మంటగా ఉంది.

ఏప్రిల్ పదకొండో తేదీ పొద్దున ప్రేమయ్య కొన్ని స్ఫటికాలను తీసి, అద్దుడు కాగితం మీద దొర్లించి, పైతడి పోయేదాకా అద్ది, చిన్న గాజు పళ్ళెంలో తెచ్చాడు. "ఎంత వచ్చిందో తూచి పెట్టన్నా. నాకు క్లాసు ఉండాది" అని పోయాడు.

గోపన్న తూచాడు. నూరు మిల్లీగ్రాములు. చిత్తు పుస్తకంలో రాయబోతూ మళ్ళీ ముల్లు వైపు చూస్తే అది జరిగి ఉంది. తొంభై తొమ్మిది. కాసేపటికి తొంభై ఏడు. పళ్ళెంలో రవ్వలు రవ్వల్లాగే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. బరువు మాత్రం పోతోంది.

కంసాలి కళ్ళ ముందు బరువు పోతుంటే కంసాలి ఊరుకోలేడు. అది వాళ్ళ నెత్తురులో లేదు. గోపన్న ఆ పళ్ళేన్ని తీసుకుపోయి ఆరబెట్టే పొయ్యిలో పెట్టి, మూడు గంటలు ఆగి, చల్లార్చి మళ్ళీ తూచాడు. అరవై. ఇంకో గంట పెట్టి తూచినా అరవైయే. భూతద్దం కింద చూస్తే ముఖాలు మిగిలాయి కానీ మెరుపు పోయింది, సన్నగా బీటలు వారాయి. నూటికి నలభై పాళ్ళు ఎటో పోయాయి. పైతడి కాదు, దాన్ని ప్రేమయ్య తన ఎదుటే అద్దాడు. మరి ఆ నీళ్ళు లోపల ఉన్నాయన్నమాట.

అప్పుడు అతనికి తండ్రి కుంపటి గుర్తొచ్చింది. మెడలో వేసుకునే గుండ్లు బయటికి నిండు బంగారం. లోపల బోలు. వేలు నొక్కితే సొట్టపడుతుందని ఆ బోలులో లక్క పోసి నింపుతారు. అట్లా తూస్తే వచ్చేది బంగారం బరువు కాదు. గుండును వెచ్చచేసి, లక్క కరిగించి తీసేసి, అప్పుడు తూచాలి. ఇదీ అంతే. ఈ రవ్వ చూడడానికి రాయిలా ఉంది గానీ లోపలంతా గదులు, బోళ్ళు. ఆ బోళ్ళ నిండా నీళ్ళు.

సంతోషం పొంగుకొచ్చింది గోపన్నకు. ఎవరికీ కనబడనిది తనకు కనబడింది. ఒక చీటీ మీద రాశాడు: "11-4-55. తడి 100. ఎండినాక 60." మూడు గంటలు కావస్తోంది. కాఫీ గ్లాసు అందుకుంటూ ఈ చీటీ సార్ చేతిలో పెట్టాలనుకుని, జేబులో వేసుకుని వెళ్ళాడు.

సార్ గదిలో ప్రేమయ్య ఉన్నాడు. బల్ల మీద కాగితాలు పరిచి ఇద్దరూ ఏదో లెక్కలో మునిగి ఉన్నారు. సార్ ఒక గ్లాసు తన ముందు పోసుకుని, రెండో గ్లాసు నింపి, లెక్క మీంచి కళ్ళు ఎత్తకుండానే ప్రేమయ్య వైపు జరిపాడు. తర్వాత తల ఎత్తి, "ఓ, గోపన్నా, ఉండు, నీకూ పోస్తా" అన్నాడు. ఫ్లాస్కు వంచాడు. మూడో గ్లాసులో సగం కూడా రాలేదు, వచ్చింది అడుగున మిగిలిన గసి.

"ఏమన్నా చెప్పాల్నా?" అని అడిగాడు సార్.

"ఏం లేదు సార్. ఊరికే వచ్చినా."

గోపన్న ఆ గసి తాగాడు. జేబులో చీటీ జేబులోనే ఉంది. గదికి తిరిగి వచ్చి, తూనికరాళ్ళ పెట్టెలో అడుగున ఉన్న మఖమలు గుడ్డ ఎత్తి, దాని కింద పెట్టేశాడు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. రానివ్వలేదు అతను.

మే నెలలో ఇంకొక దెబ్బ. ప్రేమయ్య మనిషెత్తు గాజుగొట్టం ఒకటి నిలబెట్టి, అందులో పైన తేలిక ద్రవం, కిందికి పోయేకొద్దీ బరువైన ద్రవం వచ్చేట్టు కలిపి పోశాడు. అందులో స్ఫటికం వేస్తే దిగుతూ దిగుతూ, తన బరువుకు సరిపడిన ద్రవం దగ్గర ఆగిపోతుంది. అది ఆగిన చోటును బట్టి ఎంత చోటుకు ఎంత బరువో చెప్పేయొచ్చు. బెంగుళూరు వాళ్ళు ఎక్స్‌రే ఫోటో తీసి, స్ఫటికంలో ఒక్కో అణువుకు ఎంత చోటు వస్తుందో కొలత పంపారు. ఆ చోటునూ ఈ బరువునూ గుణిస్తే అణువు బరువు వస్తుంది.

"దీనికి త్రాసే అక్కరలేదన్నా" అన్నాడు ప్రేమయ్య, ఆ గొట్టం చూపిస్తూ, కొత్త బొమ్మ చూపించినంత సంబరంగా. అతని మనసులో ఏ కల్మషమూ లేదు. గోపన్నకు మాత్రం కూర్చున్న స్టూలు కాళ్ళు విరిచినట్టయింది. ఏకై వచ్చి మేకైనాడు వీడు. రెండో గ్లాసు తీసుకున్నాడు, ఇప్పుడు త్రాసునే తీసేస్తున్నాడు. త్రాసు లేని గోపన్న ఎవరు? బురుజు సందులో పాత కుంపటి ముందు దగ్గుతూ కూర్చునే ముసలి కంసాలి.

లెక్క తేలిన రోజు బసవరాజు అందరినీ పిలిచి చెప్పాడు. "గోపన్నా, నీకు అర్థమయ్యేట్లు చెప్తా. అన్నిటికంటే తేలికైన పరమాణువును మీ కంసాళ్ళు బంగారం తూచే ఒక గురిగింజ అనుకో. ఈ ప్రోటీను అణువు అయిదు లక్షల గురిగింజల బరువు ఉండాది."

గోపన్నకు ఆ క్షణమే తెలిసిపోయింది. అయిదు లక్షలు కాదు, మూడు లక్షలు. మిగిలిన రెండు లక్షలూ లక్క. గొట్టంలో దిగింది నీళ్ళు నిండిన రవ్వ. ఆ బరువంతా ప్రోటీనే అనుకుని గుణించారు. అద్దుడు కాగితంతో పైతడి తీసేస్తే నీళ్ళన్నీ పోయాయని నమ్మారు. కాలేజీ అలమారలో ఉన్నవి పాత పుస్తకాలు, వాటిలో ఈ బోళ్ళ సంగతి లేదు. అది ఉన్నది ఒక్క చీటీలో. ఆ చీటీ మఖమలు కింద.

నోరు విప్పితే ఒక్క మాట. గోపన్న విప్పలేదు.

దానికి సాకు కూడా దొరికింది. మనిషికి కుళ్ళు పుట్టాక సాకు వెతుక్కోనక్కరలేదు, అదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. "ఇంకో కంసాలి చేసిన గుండును సొంతదారు అడగనిదే వెచ్చచేయొద్దురా" అని తండ్రి చెప్పేవాడు. లోపల లక్క ఎంత ఉందో అడగనివాడికి చెప్పడం సాటి కంసాలి నోట్లో మట్టి కొట్టడమని వాళ్ళ ఇంటి కట్టుబాటు. నన్నెవరు అడిగారు? వాడి గుండు, వాడి లక్క. బెంగుళూరులో పండితులు కుంపటి పెట్టి కరిగిస్తారు, అప్పుడు తెలుస్తుంది వాడి పనితనం. అప్పుడు సార్‌కు గోపన్న విలువ తెలుస్తుంది. రాత్రీ పగలూ ఆ దృశ్యాన్నే తలుచుకున్నాడు. తలుచుకున్నప్పుడల్లా హాయిగా ఉండేది. ఆ హాయి తర్వాత నోరంతా చేదుగా ఉండేది.

చూడబోతే అడగనూ అడిగాడు. ఒక మధ్యాహ్నం ప్రేమయ్య లెక్కల కాగితం పట్టుకుని గడప బయట చెప్పులు విడిచాడు.

"అన్నా, నాకు ఎందుకో ఈ అంకె శానా పెద్దదిగా కనిపిస్తాండాది. బరువు సంగతి నీకు తెలిసినంత ఈడ ఎవరికీ తెల్దు. యాడన్నా తప్పు పోయిందేమో చెప్పు. నువ్వు బాగుండాదంటే నాకు ధైర్యం."

తండ్రి కట్టుబాటులో రెండో సగం కూడా ఉంది: అడిగినవాడికి దాచొద్దు. గోపన్న త్రాసు గాజు తుడుస్తూ, అటు తిరగకుండానే, "సరిగ్గానే ఉండాది" అన్నాడు.

"శానా సంతోషం అన్నా."

ఆ పొద్దు ఇంట్లో అతను అన్నం ముద్ద కలిపి కలిపి వదిలేశాడు. వెంకటేశ్వరమ్మ కంచం వైపు చూసి, మొగుడి మొహం వైపు చూసి, "కడుపులో నొప్పా?" అంది.

"ఊఁ."

"నొప్పి కాదులేయ్యా. మంట. ఆ పిల్లగాడు వచ్చినప్పటి నుంచి చూస్తాండా. వాని పేరెత్తకుండా ఒక పూట గడవదు నీకు. వాడు నీ కూడు తిన్నాడా, గుడ్డ లాగినాడా?"

"నీకేం తెలుసు" అని గోపన్న కసిరి లేచాడు. తెలుసని అతనికి తెలుసు.

జూన్ ఇరవయ్యో తేదీ పొద్దున బండికి సార్ ప్రయాణం. ద్రోణాచలం జంక్షనులో మారి బెంగుళూరు పోవాలి. ముందే పెట్టె, పరుపు పంపించి సార్ స్టేషనుకు వెళ్ళిపోయాడు. గోపన్న తూనిక గది తాళం తీస్తుంటే ప్రేమయ్య చేతిలో కాగితాల దొంతరతో వచ్చాడు. అది వ్యాసం నకలు. అసలు ప్రతి సార్ సంచీలో ఉంది.

"అన్నా, నీకు చూపియ్యాలని ఆగినా. ఇంగ్లీషులో ఉండాది, నేను చదివి చెప్తా." మొదటి పేజీ అడుగున వేలు పెట్టాడు. "ఈడ చూడు. 'బరువులన్నీ సరిచూసినది గోపాచారి.' సార్ నా పేరు ఈడ పెట్టమన్నాడు. నేనే వద్దన్యా. అన్న సరిగ్గా ఉండాదన్న తర్వాతనే కదా సార్ మనం రాసింది, అన్న పేరే ఉండాలన్యా."

గోపన్నకు ఇంగ్లీషు రాదు. కానీ తన పేరు ఆ అక్షరాల్లో ఎట్లా ఉంటుందో జీతం కాగితం మీద చూసి గుర్తు. ఆ గుర్తు అక్కడ ఉంది. నల్లగా, టైపులో.

ఎదుటివాడి రెండు కళ్ళు పోవాలని తన కన్ను ఒకటి పొడుచుకున్నవాడి కథ అందరూ వింటారు, నవ్వుతారు. తన కన్నే పోయినప్పుడు నవ్వు రాదు. రేపు బెంగుళూరులో ఎవరో లేచి, ఇందులో నీళ్ళున్నాయి కదయ్యా, ఎవరు తూచింది అంటాడు. ఇదిగో ఇక్కడ పేరు రాసి ఉంది, గోపాచారి అని ఇంకొకడు చదువుతాడు. పన్నెండేళ్ళుగా తప్పని నోరు.

మఖమలు గుడ్డ ఎత్తి చీటీ లాక్కున్నాడు. రాళ్ళ పెట్టె మూత వేయకుండా వదిలేయడం అతని జన్మలో అదే మొదలు. "అన్నా, ఏమైంది?" అంటున్న ప్రేమయ్యను దాటుకుని రోడ్డు మీద పడ్డాడు. నలభై ఏడేళ్ళ మనిషి, పంచె ఎగగట్టి, డేరాల మధ్య నుంచి, గుమాస్తాల సైకిళ్ళను తప్పించుకుంటూ స్టేషను దాకా పరుగు పెట్టాడు.

బండి ఇంకా కదలలేదు. బసవరాజు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"సార్, దిగండి. ఆ అంకె తప్పు."

"ఏ అంకె?"

"అయిదు లక్షలు కాదు సార్, మూడే. ఆ రవ్వ నిండు కాదు. లోపల బోలు ఉండాది. బోలులో నీళ్ళుండాయి. గుండులో లక్క మాదిరి. నూటికి నలభై పాళ్ళు సార్. నేను ఎండబెట్టి తూచినా." చీటీ కిటికీలోంచి అందించాడు.

బసవరాజు చీటీ చూశాడు. లెక్క తెలిసినవాడు, ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. మొహం ఒక్కసారి వెలిగింది. తప్పు దొరికినందుకు కాదు, తప్పు కంటే గొప్పది దొరికినందుకు. అణువుల మధ్యన ఉన్న ఖాళీ ఎంతో ఈ రెండు అంకెలే చెప్తున్నాయి. కూలీని పిలిచి పెట్టె దించమన్నాడు. రేపటి బండికి పోవచ్చు, ఈ లోపల వ్యాసం తిరగరాయాలి. దిగుతూ దిగుతూ, అలవాటు కొద్దీ, చీటీ మీద తేదీ చూశాడు.

అక్కడే ఆగిపోయాడు. ప్లాట్‌ఫారం మీద జనం ఇద్దరినీ తోసుకుంటూ పోతున్నారు.

"ఏప్రిల్ పదకొండు" అన్నాడు.

గోపన్న ఎగగట్టిన పంచె దించుకున్నాడు.

"ప్రేమయ్య నిన్ను అడిగినాడు కదా. సరిగ్గా ఉండాదని చెప్పినావంట."

"చెప్పినా సార్."

"ఈ పొద్దు పరిగెత్తుకుంటా వచ్చినావు. నీ పేరు అందులో ఉండాదని ఎవరన్నా చెప్పినారా?"

"ప్రేమయ్య చదివినాడు సార్."

"నీ పేరు లేకుండా ఉంటే వచ్చేవాడివా గోపన్నా?"

సార్ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కూలీ పెట్టె నెత్తికెత్తుకుని "పోదామా సామీ" అన్నాడు. సార్ ముందు నడిచాడు. గోపన్న వెనక నడిచాడు. ఎప్పుడూ పక్కన నడిచేవాడు.

కాలేజీకి వచ్చాక పని జోరుగా సాగింది. కొత్త స్ఫటికాలు తీశారు, అద్దారు, తూచారు, పొయ్యిలో పెట్టారు. సంగతి విన్న ప్రేమయ్య గోపన్న చేతులు రెండూ పట్టుకుని, "ఎంత మాట కనిపెట్టినావన్నా. నాకు నిద్దర పట్టలేదు ఆ అంకెతో. నువ్వు కాపాడినావు" అన్నాడు. సార్ తేదీ సంగతి అతనికి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదనిపించింది గోపన్నకు. వాడు తిట్టి ఉంటే తాను వాణ్ణి ద్వేషించడానికి కాస్త వీలుండేది. పాత వాక్యం కొట్టేసి, బోళ్ళ సంగతి పట్టినది గోపాచారి అని రాయాల్సిందేనని ప్రేమయ్య పట్టుబట్టాడు. సార్ కాదనలేదు. అవుననీ అనలేదు. ఆ విధంగా గోపన్న పేరు వ్యాసంలో నిలిచింది, ప్రేమయ్య దయ వల్ల. ఆ దయ అతనికి నిప్పుకణికలా తగిలింది.

మూడు గంటలకు ఎండిన స్ఫటికాలు చల్లారాయి. ముగ్గురూ తూనిక గదిలో ఉన్నారు. గోపన్న స్టూలు మీద కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ముల్లు నిలిచేదాకా చూశాడు.

"అరవై, సార్."

బసవరాజు పుస్తకం తెరిచి పట్టుకుని ఉన్నాడు. కలం మూత తీయలేదు.

"ప్రేమయ్యా, నువ్వు కూడా ఒకసారి చూడు" అన్నాడు.

"అన్న చూసినంక నేనెందుకు సార్?"

"చూడు."

గోపన్న లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాలుగడుగుల గది, పక్కకు జరగడానికి కూడా చోటు లేదు. ప్రేమయ్య ఇబ్బందిగా స్టూలు మీద కూర్చున్నాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఊపిరి బిగబట్టి, ముల్లును కంటి చివరతో చూశాడు. అచ్చం గోపన్న చూసినట్టే. ఎవరూ నేర్పలేదు అతనికి. పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాడు.

"అరవైయే సార్" అన్నాడు ప్రేమయ్య.

అప్పుడు సార్ కలం మూత తీసి తేదీ వేశాడు, దాని పక్కన అంకె రాశాడు.